ఏడో తొట్టిలో ఎవరు?

ఆ రోజు ఉదయానికి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి తొట్లు శుభ్రం చేయడం, ఎనిమిదింటికి ఏడో నంబరు జంతువుకు ఫోటోలు తీయడం, పదకొండింటికి తనిఖీ మేడం వస్తే ఆ జంతువును చూపించి సంతకం పెట్టించుకోవడం. పరిశోధకురాలు ఈ మూడు ముక్కలూ ఒక కాగితం మీద రాసి, ముందు రోజు సాయంత్రమే నేలమాళిగ తలుపుకు అంటించింది. తెల్లారేసరికి కాగితం ఊడి నేల మీద బోర్లా పడి ఉంది. అపశకునమని ఎవరూ అనుకోలేదు. ఆ గోడల తేమకు అక్కడ అంటించిన ప్రతి కాగితమూ తెల్లారేసరికి నేల మీదే ఉంటుంది.

ఆ పరిశోధనా సంస్థ భవనానికి పైన మూడు అంతస్తులు. వాటిలో మనుషులుంటారు. కింద నేలమాళిగలో, నలభై గాజు తొట్లలో సాలమాండర్లుంటాయి. బల్లి అవుదామా, చేప అవుదామా అని తేల్చుకోలేక మధ్యలో ఆగిపోయినట్టుండే ఒళ్ళు, మెడకు రెండు పక్కలా ఎర్రని కుచ్చుల్లాంటి మొప్పలు, రెప్పల్లేని కళ్ళు, చెవులే ఉంటే చెవుల దాకా సాగేంత నవ్వు. "అవి నవ్వడం లేదండీ, వాటి నోరే అంత" అని పరిశోధకురాలు కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళకూ చెబుతుంది. విన్నవాళ్ళు అర్థమైనట్టు తలూపి, తొట్ల వైపు వీపు పెట్టకుండా వెనక్కి నడుచుకుంటూ మెట్ల దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి పరుగెత్తుతారు. చల్లదనం కోసం వేసిన యంత్రం ఒకటి అక్కడ పగలూ రాత్రీ మూలుగుతూ ఉంటుంది. వెలుతురు ఎక్కువైతే ఆ కళ్ళు ఓర్చుకోలేవని నీలం దీపాలు పెట్టారు. ఆ దీపాల కింద ఎంత ఆరోగ్యవంతుడైనా మూడు రోజుల కిందట పోయినవాడిలా కనిపిస్తాడు.

అంత చల్లని చోట పదకొండేళ్ళుగా హాయిగా పని చేస్తున్న మనిషి పిన్ని. ఆవిడ ఎవరికి పిన్నో ఎవరికీ తెలియదు. తొట్లు కడుగుతుంది, వానపాములు తరిగి పెడుతుంది, ఏది తినలేదో చూసి దాన్ని బుజ్జగిస్తుంది. సంస్థలో అందరూ ఆవిణ్ణి పిన్నీ అనే పిలుస్తారు, ముప్పై ఏళ్ళు కప్పల మీద పని చేసి పేరు పోగొట్టుకుని కప్పల సారుగా మిగిలిపోయిన పెద్ద ప్రొఫెసరు గారితో సహా.

ఏడో నంబరు కథ పిన్నికి పరిశోధకురాలే చెప్పింది. ఏడోది తెల్లటి జంతువు. దాని వీపు మీద, వెన్నుకు ఎడమ పక్కన, చొక్కా గుండీ అంత నల్లటి అతుకు ఉంది. అది దాని చర్మం కాదు. పక్క తొట్టిలోని నల్ల జంతువు నుంచి తీసి అతికించినది.

"ఒంట్లో కాపలావాళ్ళుంటారు పిన్నీ. మనది కానిది ఏదొచ్చినా పట్టుకుని బయటికి గెంటేస్తారు. మనుషుల్లో అయితే వారం, పది రోజుల్లో గెంటేస్తారు. వీటిలో కాస్త నిదానం. రెండు నెలలు ఆలోచించి గెంటుతారు."

"మరి ఏడోదాని ఒంట్లో?"

"అదే తెలియడం లేదు. నాలుగు వందల రోజులైంది. వాళ్ళు ఆ అతుకుని చూస్తున్నారు, ఊరుకుంటున్నారు."

"నిద్రపోతున్నారేమోనే."

"లేదు, జబ్బు క్రిములొస్తే లేచి తరుముతున్నారు. ఈ ఒక్క అతుకునే మాదే అనుకుంటున్నారు. ఎందుకనుకుంటున్నారో తెలిస్తే, వేరేవాళ్ళ కిడ్నీ పెట్టించుకున్నవాళ్ళు జన్మంతా మందులు మింగుతూ బతకక్కర్లేదు."

పిన్ని తమ్ముడు అలాంటి మందుల మీదే అయిదేళ్ళు బతికాడు, ఆరో ఏడు బతకలేదు. ఈ సంగతి విన్న రోజు నుంచి ఆవిడ ఏడోదానికి వానపాముల్లో లావుపాటి ముక్క వేరుగా తీసిపెట్టేది.

ఇక్కడ ఆ నేలమాళిగ పద్ధతి ఒకటి చెప్పాలి. నంబర్లు తొట్ల మీద ఉంటాయి గాని జంతువుల మీద ఉండవు. ఉంచడం ఎవరి తరమూ కాలేదు. చర్మానికి బిళ్ళ గుచ్చితే ఒళ్ళు దాన్ని బయటికి నెట్టేసి మూసుకుంటుంది. కప్పల సారు కప్పల అలవాటుతో మొదట్లో ఒక్కోదానికి ఒక్కో వేలు కొస కత్తిరించి గుర్తు పెట్టుకున్నాడు. రెండు నెలలు తిరిగేసరికి కత్తిరించిన వేళ్ళన్నీ మొలిచి, నలభై జంతువులూ నిండు చేతులతో ఆయన్ని చూసి నవ్వాయి. అప్పటి నుంచి ఏడో తొట్టిలో ఉన్నది ఏడోది. అంతకు మించి సాక్ష్యం లేదు.

తనిఖీ మేడం ఆ రోజు తేల్చాల్సింది ఒక్కటే. ఏడోది నిజమైతే నేలమాళిగ ఉంటుంది. లేకపోతే నెలాఖరుకు తొట్లు తీసేసి, మూడో అంతస్తులో చోటు చాలక కిటికీల దాకా పేరుకున్న పాత ఫైళ్ళను అక్కడికి దించుతారు. పరిశోధకురాలి అయిదేళ్ళ శ్రమ ఆ ఒక్క గుండీ అంత అతుకు మీద ఆధారపడి ఉంది.

ఏడింటికి పిన్ని నేలమాళిగలోకి దిగింది. బయట వర్షం. ఆవిడ చక్రాల బండి మెట్ల కింద, రాత్రి వదిలిన చోటే ఉంది. దాని పై అరలో బకెట్టు, బ్రష్షులు. కింద అర నేలకు జానెడెత్తు కూడా ఉండదు. అందులో తడి గుడ్డల కుప్ప. పై గుడ్డ ఒకటి లాగి పిండి, పాట పాడుకుంటూ ఒకటో తొట్టితో మొదలుపెట్టింది. ఏడో తొట్టి దగ్గర పాట ఆగిపోయింది.

తొట్టి ఖాళీగా ఉంది. మూత ఒక పక్కకు జరిగి ఉంది. మూత మీద ఉండాల్సిన ఇటుక కింద నేల మీద, ముందు రోజు తుడవడానికి ఆవిడే తీసి పెట్టిన చోట, పెట్టినట్టే ఉంది.

"ఈ మధ్య మూతి పైకెత్తి గాలి పీలుస్తోంది పిన్నీ, మొప్పలు కూడా చిన్నవైపోతున్నాయి. ఏం జబ్బో ఏమో. ఇటుక మాత్రం మరిచిపోకండి" అని పరిశోధకురాలు వారం రోజులుగా చెబుతూనే ఉంది.

నేల మీద చిన్న చిన్న తడి గుర్తులున్నాయి. చేతుల గుర్తులు. నాలుగేసి వేళ్ళవి. తొట్టి కింద మొదలై, వరసగా నడిచి, గది మధ్యలో చటుక్కున ఆగిపోయాయి. అక్కణ్ణుంచి ముందుకూ లేవు, వెనక్కీ లేవు. ఎవరో వాటిని అక్కడ గాలిలోకి ఎత్తుకుపోయినట్టు ఉంది.

పిన్ని గది మూల మూలనా వెతికింది. యంత్రం వెనక చూసింది, మురుగు కన్నంలోకి టార్చి వేసి చూసింది. కన్నంలోంచి చీకటి తప్ప ఏమీ తిరిగి చూడలేదు. ఇక్కణ్ణుంచే జారిపోయి ఉంటుందని తేల్చుకుని, అక్కడే కూలబడి కాసేపు ఏడ్చింది. తరవాత ముక్కు తుడుచుకుని లేచి, గుడ్డతో ఆ గుర్తులన్నీ తుడిచేసింది. ఈ కబురు పదకొండు దాకా పరిశోధకురాలికి తెలియకూడదు. మేడం వచ్చి సంతకం పెట్టి వెళ్ళాక తనే కాళ్ళ మీద పడి చెప్పుకుంటుంది. ఆవిడ వేసిన పథకం కూడా చాలా చిన్నదే.

పందొమ్మిదో తొట్టిలో కూడా తెల్లటి జంతువే ఉంది. అదే రోజు, అదే చేత్తో, అదే చోట అతికించిన నల్ల అతుకు దానికీ ఉంది. కాకపోతే దాని ఒంట్లో కాపలావాళ్ళు తమ పని తాము చేసుకుపోయారు. రెండు నెలల్లోనే అతుకు చుట్టూ తరిగి తరిగి మిరియపు గింజంత మచ్చగా మిగిలింది. నీలం దీపాల కింద ఇదే పెద్ద తేడాగా కనిపించదులే అనుకుని, పిన్ని దాన్ని వల గరిటెతో ఎత్తి ఏడో తొట్టిలో వదిలింది. పందొమ్మిదో తొట్టి మీద గుడ్డ కప్పింది. మూత మీద ఇటుక మాత్రం ఈసారి గట్టిగా పెట్టింది.

ఎనిమిదింటికి పరిశోధకురాలు కెమెరాతో వచ్చింది. ఏడో తొట్టి ముందు వంగింది. వంగినది వంగినట్టే ఉండిపోయింది.

"పిన్నీ."

"ఏంటమ్మా?"

"తరిగిపోయింది." ఆ పిల్ల గొంతులో ఏడుపు కూడా లేదు. "నిన్న సాయంత్రం గుండీ అంత ఉంది. ఇవాళ మిరియం గింజంత ఉంది. ఒక్క రాత్రిలో గెంటేశారు పిన్నీ. నాలుగు వందల రోజులు ఊరుకుని, సరిగ్గా ఇవాళే గెంటేశారు."

పరిశోధకురాలు గాజుకు నుదురు ఆనించి ఇంకాసేపు చూసింది. "మొహం కూడా ఎవరిదోలా ఉంది" అని తనలో తను అనుకున్నట్టు అంది. "సారుకు చెప్పొస్తాను" అని మెట్లెక్కింది.

కన్నతల్లిలా చూసుకున్న పిల్లను తన చేత్తోనే ఏడిపించినట్టయింది పిన్నికి. తరిగిపోయిందనే కదా దిగులు? ముప్పై మూడో తొట్టిలో కిందటి నెల అతికించినది ఒకటుంది, అతుకు ఇంకా నిగనిగలాడుతోంది. వెంటనే పందొమ్మిదోదాన్ని దాని తొట్టిలోకి పంపి, ముప్పై మూడోదాన్ని తెచ్చి ఏడులో వదిలింది. కిందటి నెల విడతకు పరిశోధకురాలు చర్మం కోయడానికి పెద్ద అచ్చు వాడిందనీ, ఆ అతుకు చొక్కా గుండీ అంత కాదు, కోటు గుండీ అంత ఉందనీ తొందరలో ఆవిడకు తట్టలేదు.

వల గరిటె పెట్టడానికి బండి వైపు తిరిగితే, బండి పక్కన నేల మీద మళ్ళీ గుర్తులున్నాయి. నాలుగేసి వేళ్ళు. ఇందాకే తుడిచిన నేల అది. ఆవిడ వాటి వంక చూస్తూ ఉండగానే యంత్రం మూలుగు ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలైంది. తలెత్తి చూస్తే తొట్లలో ఉన్నవన్నీ గాజు దగ్గరికి వచ్చి నిలబడి ఉన్నాయి. వానపాముల వేళ అయితే అవి ఆవిడ మొహం వంక చూస్తాయి. ఇప్పుడు ఆవిడ మోకాళ్ళ కిందికి చూస్తున్నాయి.

"నాయనా, పొరపాటైపోయింది" అంది పిన్ని, ఎవరితో అంటోందో తెలియకుండానే. "నన్నొదిలెయ్. ఆ పిల్ల జోలికి మాత్రం వెళ్ళకు." గుర్తులు తుడిచి, తుడిచిన గుడ్డను కుప్ప మీద పడేసింది. కుప్ప కాస్త సర్దుకున్నట్టు అనిపించింది గాని, గుడ్డ పడిన బరువుకేమోననుకుంది.

కప్పల సారు భూతద్దంతో దిగాడు. ఏడో తొట్టిలోకి చూశాడు, పరిశోధకురాలి వంక చూశాడు.

"తరిగిందన్నావు?"

"అవును సార్, మిరియం గింజ..." ఆ పిల్ల మాట మధ్యలోనే మింగేసింది.

తొట్టిలో అతుకు కోటు గుండీ అంత ఉంది. నల్లగా, తడిగా మెరుస్తోంది.

"ఇది తరగడం కాదమ్మా" అన్నాడు కప్పల సారు, గొంతు తగ్గించి. గదిలో ఇంకెవరైనా వింటారేమోనన్నట్టు అటూ ఇటూ చూశాడు. "ఇది పెరిగింది. చోటిచ్చారు కదా అని ఇల్లు ఆక్రమించుకుంటోంది."

"ఇందాక లేదు సార్. నా కళ్ళతో చూశాను, ఫోటో కూడా ఉంది. ముప్పావుగంట కాలేదు."

"ముప్పావుగంటలో ఇంత?" ఆయన మొహంలో భయం, ఆనందం ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ముప్పై ఏళ్ళలో ఏ కప్పా ఆయన్ని ఇంత గౌరవించలేదు. "మేడంకు ఫోన్ చేద్దాం పద. పదకొండు దాకా ఆగితే ఇది ఎంతవుతుందో."

నేలమాళిగలో ఫోన్లు పలకవు. ఇద్దరూ పైకి పరుగెత్తారు. పిన్ని తల పట్టుకుంది. తరిగిందంటే అది మామూలు దుఃఖం, లోకంలో ఉన్నదే. పెరిగిందంటే ఫోన్ల దాకా పోయింది. ఆ మామూలు దుఃఖాన్నే మళ్ళీ అక్కడ పెట్టేస్తే మంచిదనుకుని, ముప్పై మూడోదాన్ని దాని ఇంటికి పంపి, పందొమ్మిదోదాన్ని మళ్ళీ ఏడుకు మార్చింది. పందొమ్మిదో జంతువు ఈ రాకపోకలకు అభ్యంతరం చెప్పలేదు. నవ్వుతూనే ఉంది.

వాళ్ళిద్దరూ తిరిగి వచ్చేసరికి అతుకు మిరియపు గింజంత ఉంది.

వర్షపు నీళ్ళు గోడ వెనక గొట్టంలో కిందికి జారుతున్న చప్పుడు మాత్రం వినిపించింది.

"పెరుగుతోంది, తరుగుతోంది" అన్నాడు కప్పల సారు. "పెరుగుతోంది, తరుగుతోంది. అమ్మాయ్... అది ఊపిరి తీస్తోంది."

"అది చర్మం ముక్క సార్."

"అని మనం అనుకున్నాం."

సరిగ్గా అప్పుడు మూడో అంతస్తు నుంచి రికార్డుల గుమాస్తా దిగివచ్చాడు. నేలమాళిగ తన ఫైళ్ళకు కావాలని రెండేళ్ళుగా అర్జీలు పెడుతున్న మనిషి, అందులో అడుగు పెట్టడం మాత్రం అదే మొదటిసారి. చేతిలో ఒక పాత ఫైలును దూరంగా, చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"ఇదేంటో ఎవరన్నా చెప్పండి సార్. గది తాళం నేనే తీశాను. లోపల పురుగు లేదు. నా బల్ల మీద, ఫైలు మీద..." ఫైలు అట్ట మీద తడి గుర్తు ఒకటి ఇంకా ఆరలేదు. చంటిపిల్ల చెయ్యంత కూడా లేదు. నాలుగు వేళ్ళు.

పరిశోధకురాలు ఆ గుర్తు వంక చూసి, తొట్టి వంక చూసింది. తొట్టి మూత మీద ఇటుక ఉంది. కప్పల సారు తొట్టికి రెండడుగులు దూరం జరిగాడు. గుమాస్తా ఆయనకంటే రెండడుగులు వెనక్కి జరిగి, అక్కడి నుంచి మెట్లెక్కి, పైన ప్రతి అంతస్తులోనూ తను చూసినదీ చూడనిదీ పంచిపెట్టుకుంటూ పోయాడు. కింద ఏదో నల్లటిది పెరుగుతోందన్నది మొదటి అంతస్తు చేరేసరికి మనిషికి అంటుకుంటుందని తేలింది. రెండో అంతస్తులో ఇద్దరికి అప్పటికే చేతుల మీద మచ్చలు కనిపించాయి. ఒకటి సిరా మరక, రెండోది పుట్టుమచ్చ. అయినా ఇద్దరూ సెలవు పెట్టి ఇంటికి పోయారు.

కప్పల సారు పరిశోధకురాలిని వెంటబెట్టుకుని మేడంకు ఎదురు వెళ్ళాడు. ఇంక అబద్ధం మీద అబద్ధం పేర్చే ఓపిక పిన్నికి లేకపోయింది. పందొమ్మిదోదాన్ని దాని తొట్టిలో దింపి గుడ్డ తీసేసింది. ఏడో తొట్టిని ఉన్నది ఉన్నట్టు ఖాళీగా వదిలి, మూత పక్కన పెట్టింది. వాళ్ళు దిగగానే చెప్పేయాలి. చెప్పాల్సిన మాటలు పెదవుల మీద వరస పెట్టుకుంటూ, చేతులు ఊరికే ఉండలేక బండి తోసుకుంటూ ఏటవాలు దారిలో పైకి, మొదటి అంతస్తు వరండా దాకా వెళ్ళి, తడి కాళ్ళ మరకలు తుడిచి వచ్చింది. వెనక్కి తిరిగి చూస్తే, బండి ఆగిన చోటల్లా నాలుగు వేళ్ళు.

తనిఖీ మేడం పదిన్నరకే దిగింది. మొహానికి మాస్కు, చేతులకు మోచేతుల దాకా తొడుగులు. వెనకే కప్పల సారు, పరిశోధకురాలు, అందరికంటే పై మెట్టు మీద గుమాస్తా.

"ఏదీ చూపించండి."

కప్పల సారు ఏడో తొట్టి మీద టార్చి వేశాడు. నీళ్ళు నిశ్చలంగా ఉన్నాయి. నీళ్ళు తప్ప ఏమీ లేదు.

పిన్ని నోరు తెరిచింది. కాని కప్పల సారు అంతకు ముందే ఊపిరి బిగబట్టి, "తినేసింది" అన్నాడు.

"ఏది?"

"ఆ అతుకు. ఒంటిని మొత్తం తినేసి, చివరికి తినడానికి ఏమీ మిగలక..." ఆయన చేత్తో గాలిలో ఏదో ఆరిపోతున్నట్టు చూపించాడు.

మేడం తెలివైన మనిషి. ఇలాంటి మాట మామూలు రోజున విని ఉంటే నవ్వేది. కాని ఆవిడ ఇప్పుడే నీలం వెలుతురులో ముప్పై తొమ్మిది నవ్వుల మధ్య నిలబడి ఉంది. వస్తూ వస్తూ వరండాలో వరసగా నాలుగు వేళ్ళ గుర్తులు చూసింది. "ఇది సంస్థ దాటి బయటికి పోకూడదు" అంది. "అన్ని తొట్లలోనూ ఇప్పుడే బ్లీచింగ్ పౌడరు పొయ్యండి. ఒక్కటి కూడా మిగలకూడదు."

"మేడం!" పరిశోధకురాలు తొట్లకు అడ్డంగా వచ్చి నిలబడింది. "అయిదేళ్ళండీ. అన్నీ బతికున్నవండీ."

"అందుకే. పౌడరు డబ్బా ఎక్కడుంటుంది?"

"నా దగ్గరేనండి" అంది పిన్ని.

అందరూ దారిచ్చారు. పిన్ని మూలకు వెళ్ళి, డబ్బాను రెండు చేతులా ఎత్తి, గది మధ్యకు తెచ్చి దించింది. దాని మీద కూర్చుంది. చీర కుచ్చిళ్ళు సర్దుకుని, కాళ్ళు నేలకు గట్టిగా ఆనించింది. పదకొండేళ్ళ ఉద్యోగంలో పై అధికారుల ముందు ఆవిడ కూర్చోవడం అదే మొదటిసారి.

"నన్ను లేపితే గాని ఇది లేవదు. నేను లేవను. ఆ అతుకు పెరగనూ లేదు, తరగనూ లేదు. మార్చినది నేను."

చెప్పింది. ఇటుక మరిచిపోయిన దగ్గర మొదలుపెట్టి, మురుగు కన్నం, పందొమ్మిది, ముప్పై మూడు, మళ్ళీ పందొమ్మిది, ఏదీ దాచకుండా చెప్పింది. చెబుతూ ఏడ్చింది, ఏడుస్తూ డబ్బాను మాత్రం వదల్లేదు. పరిశోధకురాలు పందొమ్మిదో తొట్టి దగ్గరికి వెళ్ళి మిరియపు గింజను చూసింది. ముప్పై మూడో తొట్టి దగ్గరికి వెళ్ళి కోటు గుండీని చూసింది. కెమెరాలో ఉదయం తీసిన ఫోటో చూసింది. కప్పల సారు భూతద్దాన్ని మెల్లగా జేబులో పెట్టేసుకున్నాడు.

"నాకు ఒక్క మాట చెప్పాల్సింది పిన్నీ" అంది ఆ పిల్ల.

"నువ్వు ఏడుస్తావని చెప్పలేదమ్మా."

"చెప్పకపోయినా ఏడ్చాను కదా. మెట్లెక్కుతూ మూడుసార్లు ఏడ్చాను."

పిన్ని తల దించుకుంది.

మేడం మాస్కు కిందికి లాగింది. పౌడరు అక్కర్లేదని చెప్పి, చేతి తొడుగులు ఒక్కొక్కటే తీసి మడిచింది. ఆ మడతలో కోపం కంటే అలసట ఎక్కువ కనిపించింది. "అంటే జబ్బు లేదు. మంచిదే. కాని ఏడో జంతువు కూడా లేదు. లేనిదానికి నేను సంతకం పెట్టలేనమ్మా." కలానికి మూత పెట్టింది. పై మెట్టు మీద గుమాస్తా అప్పుడే కళ్ళతో గది కొలుస్తున్నాడు. ఈ గోడకు నాలుగు బీరువాలు, ఆ గోడకు ఆరు.

పరిశోధకురాలు ఏడో తొట్టి గాజు మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. చుట్టూ ముప్పై తొమ్మిది జంతువులూ గాజు దగ్గరికి వచ్చి ఉన్నాయి. వాటిలో ఒక్కటి కూడా ఆమె వంక చూడటం లేదు. అది గమనించింది మొదట మేడం.

"అవన్నీ ఆ బండి వంక ఎందుకు చూస్తున్నాయి?"

తడి గుడ్డల కుప్ప కదిలింది.

గుమాస్తా మెట్ల మీద లేడు. అతను ఎప్పుడు వెళ్ళాడో ఎవరూ చూడలేదు. కుప్పలోంచి ముందు ఒక చెయ్యి వచ్చింది, నాలుగు వేళ్ళతో. తరవాత ఒక నవ్వు వచ్చింది. తరవాత తెల్లటి ఒళ్ళు మెల్లగా అంచు దాటి, నేల మీదికి దిగి, మేడం బూటు మీది నుంచి నాలుగు తడి గుర్తులు వేసుకుంటూ నడిచి, గది మధ్యలో ఆగి తలెత్తింది. మెడ పక్కన కుచ్చులు లేవు. కళ్ళకు రెప్పలు వచ్చాయి. అది ఒకసారి రెప్ప వేసింది. పరిశోధకురాలు నేల మీద బోర్లా పడుకుని దాని మొహంలోకి చూసింది.

"ఇది ఏడోది కాదు కదా?" అన్నాడు కప్పల సారు. "మొప్పల్లేవు."

"జబ్బు కాదు సార్!" ఆ పిల్ల నవ్వుతోందో ఏడుస్తోందో తెలియడం లేదు. "మారిపోతోంది అన్నమాట. నీళ్ళు వదిలి నేల మీద బతకడానికి ఇన్నాళ్ళూ తయారవుతోంది. ఈ జాతిలో వెయ్యింటికి ఒకటి కూడా అలా మారదు. చూడండి, అతుకు చూడండి!"

వెన్నుకు ఎడమ పక్కన నల్లటి అతుకు ఉంది. చొక్కా గుండీ అంత. అంచులు గుండ్రంగా, చెక్కు చెదరకుండా ఉన్నాయి.

"అయితే?" అంది మేడం.

"ఇలా మారేటప్పుడు పాత కాపలావాళ్ళు చాలామంది పోతారు మేడం, కొత్తవాళ్ళు పుట్టుకొస్తారు. పాతవాళ్ళు ఏదో మొహమాటానికి ఊరుకున్నారనుకుందాం. కొత్తవాళ్ళకి ఈ అతుకుతో పరిచయమే లేదు. చూడగానే గెంటెయ్యాలి. వాళ్ళు కూడా మాదేనన్నారు." ఆమె గొంతు తగ్గింది. "ఇది నేను పెట్టిన పరీక్ష కాదు. పెట్టమన్నా పెట్టలేను."

మేడం కలం మూత తీసింది. వంగి, తన బూటు మీది నాలుగు గుర్తులు కాసేపు చూసుకుని, నిలబడే సంతకం పెట్టింది. నివేదికలో ఒక వాక్యం చేర్చింది, భవనంలో కనిపించిన గుర్తులన్నీ శుభ్రపరిచే బండిలో దాగిన జంతువువేనని, ఎవరూ భయపడనవసరం లేదని. దాని ప్రతి ఒకటి మూడో అంతస్తుకు పంపమంది. కప్పల సారు అందులో తన పేరు పక్కన ఊపిరి మాట రాయవద్దని మెల్లగా బతిమాలుకున్నాడు.

పరిశోధకురాలు ఏడోదాన్ని తడి నాచు పరిచిన కొత్త పెట్టెలో పెట్టి, పిన్ని పక్కన డబ్బా మీద కూర్చుంది. ఇద్దరూ ఇరుక్కుని కూర్చున్నారు.

"కోపం పోయిందా?" అంది పిన్ని.

"పోలేదు. రెండు నెలలు పడుతుంది." ఆ పిల్ల తల పిన్ని భుజం మీద ఆనించింది. "కాని గెంటెయ్యను లెండి."

మధ్యాహ్నం అందరూ వెళ్ళిపోయాక, పిన్ని ముప్పై తొమ్మిది ఇటుకలు లెక్కపెట్టి ముప్పై తొమ్మిది మూతల మీద పెట్టింది. ఏడోదాని పెట్టెకు రెండు పెట్టింది. బండి కింది అరలోంచి గుడ్డలన్నీ తీసి, ఒక్కొక్కటే దులిపి చూసి, మళ్ళీ సర్దింది. అప్పుడు ప్రాణం కుదుటపడి, బండి తోసుకుంటూ ఏటవాలు దారిలో మొదటి అంతస్తు వరండాలోకి వచ్చింది. లిఫ్టు ముందు ఎప్పటిలాగే ఆగింది. పని చేయడం లేదు అన్న అట్ట దాని తలుపుకు వారం రోజులుగా వేలాడుతోంది. ఆ వారం రోజులుగా బండి ఈ వరండా దాటి పైకి వెళ్ళలేదు. వెళ్ళే దారి లేదు. మెట్లెక్కించడం నలుగురు మనుషుల వల్ల కూడా కాదు.

పిన్ని తలెత్తి మూడో అంతస్తు వైపు చూసింది. గుమాస్తా ఫైలు మీద ఆరని నాలుగు వేళ్ళు గుర్తొచ్చాయి. పరిశోధకురాలికి చెబుదామని వెనక్కి రెండడుగులు వేసింది కూడా. కాని ఒక్క రోజుకు ఒప్పుకున్నవి చాలనిపించి, బండిని ముందుకు తోసింది.